సముద్రపు గడ్డిలో కట్టెలమోపు పురుగు

ఈ రోజు పొద్దున నేను ఒక తప్పు చేశాను. మా వెనక వరండాలో పని చేసే పెద్దామెను, ఇంకొకరు వింటుండగా, తక్కువ చేసి మాట్లాడాను. ఆమె చెప్పింది నిజం. నేను సరిగ్గా చూడను కూడా చూడకుండా కాదన్నాను. ఆమె చేతిలోని చిన్న పటకారును పళ్ళెం మీద అడ్డంగా పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నా దగ్గర మానేస్తే ఆమెకు దొరికే పని శెనక్కాయల మిల్లులోనే. ఆ దుమ్ముకు ఆమెకు ఊపిరాడదు. దగ్గు పట్టుకుంటే రెండు చేతులతో గోడ పట్టుకుని నిలబడాలి. అది తెలిసి కూడా నేను ఆ మాట అన్నాను.

నేను మైదుకూరులో ముప్పై ఏళ్ళకు పైగా జంతుశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరయ్యాను. రెండేళ్ళుగా మా ఇంట్లో సముద్రపు ప్రాణులను ఏరే పని జరుగుతోంది. ఇక్కడ సముద్రం లేదు. బద్వేలు దాటి, కొండలు దాటి, నెల్లూరు కూడా దాటితే గాని కనబడదు. మాకున్నది కేసీ కాలువ, అందులో నీళ్ళు కూడా వదిలినన్నాళ్ళే. అయినా మా వరండాలో పాత భోజనాల బల్ల మీద, తెల్ల పింగాణీ పళ్ళేల్లో, తమిళనాడులో రామనాథపురం వైపు తీరం నుంచి వచ్చిన గడ్డి ఉంటుంది. ఆ గడ్డిలో కాపురమున్న చిన్న చిన్న ప్రాణులుంటాయి.

సముద్రపు గడ్డి అంటే చాలామంది నాచు అనుకుంటారు. దీనికి వేర్లుంటాయి, ఆకులుంటాయి, నీళ్ళలోనే పూసి నీళ్ళలోనే కాస్తుంది. నేను దాన్ని మొదట చూసింది చదువుకునే రోజుల్లో. మా మాస్టారు మమ్మల్ని తీరానికి తీసుకుపోయారు. మోకాటిలోతు నీళ్ళలో నిలబడి కిందికి చూస్తే మా కొర్రచేను గుర్తొచ్చింది. గాలికి కొర్ర వాలినట్టు అలకు ఆ గడ్డి వాలుతోంది, లేస్తోంది. నాతో చదివే స్నేహితుడు, కోసిగి వైపువాడు, గుప్పెడు గడ్డి పీకి బేసిన్లో వేసి జాడించాడు. గడ్డి తీసేశాక చూస్తే బేసిన్లో నీళ్ళు కదులుతున్నాయి. ఆవగింజంత నత్తలు, వంకర తిరిగిన రొయ్యజాతి పురుగులు, దారపు పోగు లాంటి జెర్రులు, నక్షత్రంలా అయిదు చేతులున్నది ఒకటి, వేలిగోరంత చేపపిల్ల ఒకటి.

"గుప్పెడు గడ్డిలో ఇంతమంది కాపురముండారేమప్పా," అన్నాడు వాడు.

వాడు ఆ నీళ్ళలోనే ఉండిపోయాడు. అక్కడే పరిశోధన చేశాడు, అక్కడే ఉద్యోగం చేస్తున్నాడు. మా మాస్టారు నన్ను కూడా రమ్మన్నారు. నేను ఇంటికొచ్చి లెక్చరర్ ఉద్యోగంలో చేరాను. "నాన్న పంపలేదు" అని చాలా ఏళ్ళు చాలామందికి చెప్పాను. నాన్న పోవద్దని ఎప్పుడూ అనలేదు. రోజుకు ఎనిమిది గంటలు ఒక పళ్ళెం ముందు కూర్చుని ఆవగింజల్లాంటివి ఏరే ఓపిక నాకు లేదు. అది ఒప్పుకోవడం కష్టమనిపించి, చనిపోయిన మనిషి మీద వేశాను.

రెండేళ్ళ కిందట ఆ స్నేహితుడు ప్రొద్దుటూరుకు పెళ్ళికి వస్తూ మా ఇంట్లో దిగాడు. గడ్డి తెచ్చేవాళ్ళున్నారు గాని ఏరేవాళ్ళు లేరని బాధపడ్డాడు. పిల్లలు గంటసేపు కూర్చుని లేచిపోతున్నారట, చిన్నవన్నీ వదిలేస్తున్నారట. నేను నవ్వుతూ, మా ఊళ్ళో ఆడవాళ్ళు గోతం శెనగపప్పులో పుచ్చుగింజ ఒకటుంటే చెయ్యి పెట్టి తీస్తారు, వాళ్ళకియ్యి అన్నాను. నేను తమాషాకు అన్నది వాడు నిజంగా తీసుకున్నాడు. నెల తిరక్కముందే పార్సిలాఫీసుకు డబ్బాలు వచ్చాయి.

గడ్డిని స్పిరిట్లో వేసి పంపుతారు. ప్రాణులు కనబడడానికి గులాబీ రంగు కలుపుతారు. ఆ రంగు గడ్డికి అంతగా పట్టదు, ఒంట్లో మాంసమున్నవాటికి పడుతుంది. డబ్బా మూత తీయగానే మా ఆవిడ తొంగి చూసి, "బీట్రూటు ఊరగాయ పెట్టిస్తాండావా ఏంది," అంది. వాసన వీధిలోకి పోయేది. పక్కింటాయన వారం రోజులు నన్ను అదోలా చూసి, చివరికి ఆగలేక, "రిటైరైనంక పొద్దున్నే మొదలుపెట్టినట్టుండావే సార్," అన్నాడు. లోపలికి పిలిచి పళ్ళేలు చూపించాను. ఆయన నమ్మాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

పని చేసేవాళ్ళు ఇద్దరు. పెద్దామెకు యాభై దాటాయి. కాలువ అవతల చర్చి వెనక వీధి. ఇరవై ఏళ్ళు మిల్లులో విత్తనపు శెనక్కాయలు ఏరింది. దుమ్ముకు ఆయాసం పట్టుకుంటే డాక్టరు ఆ పని మానమన్నాడు. మా ఇంటికి చింతపండు అమ్మడానికి వచ్చినప్పుడు మా ఆవిడ ఈ పని చెప్పింది. చిన్నామె మా వీధిలోనే ఉంటుంది, ముప్పై ఏళ్ళు ఉంటాయి. మిషన్ కుడుతుంది, కుట్టు లేని రోజుల్లో వస్తుంది. నోరు ఊరుకోదు. ఇద్దరూ డబ్బాలోది జల్లెట్లో వేసి కడిగి, చెంచాడు చెంచాడు పళ్ళెంలో పోసుకుని, దీపమున్న భూతద్దం కింద పెట్టి, పటకారుతో ఒక్కొక్కటి తీసి వేరువేరు చిన్న సీసాల్లో వేస్తారు. నేను ఆ సీసాల్లోవి మైక్రోస్కోపు కింద పెట్టి, ఏది ఏమిటో చీటీ రాసి సీసాలో వేసి, లెక్క కాగితాలు స్నేహితుడికి పంపుతాను.

నేను శాస్త్రం పేర్లు చెబితే ఇద్దరూ తలూపి, వాళ్ళ పేర్లు వాళ్ళు పెట్టుకున్నారు. వంకర రొయ్యపురుగు వాళ్ళకు కొడవలి. సన్నటి జెర్రి దారం. గడ్డిపోచను పట్టుకుని ముందుకాళ్ళు ఎత్తి నిలబడే ఎండుపుల్లలాంటిది గొల్లభామ. రెండు చిప్పల మధ్య ఉండే అతి చిన్నది గసగస. "సార్, ఈరోజు గసగసలు శానా పడినాయి, పాయసం చేసుకోవచ్చు," అంటుంది చిన్నామె. నేను కూడా నెమ్మదిగా ఆ పేర్లకే అలవాటుపడ్డాను. స్నేహితుడితో ఫోనులో ఒకసారి, "ఈ డబ్బాలో కొడవళ్ళు తక్కువ," అంటే వాడికి కాసేపు ఏమీ అర్థం కాలేదు.

ఈ రెండేళ్ళు నా జీవితంలో చాలా మంచివని చెప్పాలి. పొద్దున తొమ్మిదింటికి వాళ్ళొస్తారు. మా ఆవిడ కాఫీ ఇస్తుంది, ఆ స్పిరిట్ వాసనకు తిట్టుకుంటూనే తనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. గడ్డిలో ఎవరు ఎట్లా బతికారో పళ్ళెంలో తెలుస్తుంది. గడ్డి ఆకుకు జిగటగా పాచి పడుతుంది. దాన్ని నత్తలు మేస్తాయి. నత్త గుల్ల మీద ఇంకేదో చుట్ట చుట్టుకుని ఇల్లు కట్టుకుంటుంది. వీటిని తినే చేపపిల్ల అదే గడ్డిలో దాక్కుంటుంది, ఎందుకంటే దాన్ని తినేది బయట తిరుగుతుంటుంది. ఒకసారి పెద్దామె ఒక కొడవలిని చూపించి, "ఈమె కడుపుకాడ సంచి ఉండాది సార్. సంచిలో పిల్లలుండారు. తల్లిని ఒక్కదాన్నే లెక్కబెట్టల్నా, పిల్లల్ని గూడానా," అని అడిగింది. నేను పుస్తకం చూసి చెప్పాల్సి వచ్చింది. ఇన్నేళ్ళు పాఠం చెప్పినా నాకు ఎవరూ ఆ ప్రశ్న వెయ్యలేదు.

ఇక ఈ రోజు సంగతి. ఈ గడ్డి ప్రాణుల లెక్క మీద స్నేహితుడు ఇవ్వాల్సిన రిపోర్టు గడువు దగ్గర పడింది. మూడింటికల్లా అన్ని కాగితాలూ పంపుతానని మాటిచ్చాను. చివరి డబ్బా మిగిలి ఉంది. పదిన్నరప్పుడు నేను హడావిడిగా కాగితాలు సర్దుకుంటుంటే పెద్దామె ఒక స్టీలు మూత పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. మూతలో కాసిని నీళ్ళు, ఆ నీళ్ళలో జీలకర్ర గింజంత గడ్డి ముక్కలు పది పన్నెండు.

"సార్, ఇది ఉత్త గడ్డి మాదిరి లేదు. ఇల్లు మాదిరి ఉండాది. లోపల ఎవరో ఉండారు."

నేను తల ఎత్తి చూశాను, అంతే. "గడ్డి తీసి పారెయ్యమని ఎన్నిసార్లు చెప్పాలమ్మా."

"పారెయ్యొద్దు సార్. తుమ్మచెట్టు మీద కట్టెలమోపు పురుగు ఉంటాది గదా. పుల్లలన్నీ ఒంటికి చుట్టుకోని, ఇల్లు ఈడ్చుకుంటా పోతాది. అట్లనే ఉండాది ఇది గూడా. మూతికాడ ఎర్రగా కాళ్ళు కనపడతాండాయి."

"తుమ్మచెట్టు పురుగు సముద్రంలోకి ఎందుకు పోతుంది?"

"ఆ పురుగే అనలే సార్. అట్లాంటిది."

అప్పుడు నేను అన్న మాట ఇది. "ముప్పై ఏళ్ళు నేను ఈ పాఠం చెప్పినాను. శెనక్కాయలు ఏరుకునే చేయి, ఏరమన్నది ఏరితే చాలు. నాకు పాఠం చెప్పొద్దు." అని ఊరుకోకుండా, ఆ మూత ఆమె చేతిలోంచి తీసుకుని, కడిగిన నీళ్ళు పోసే బకెట్లో కుమ్మరించాను.

ఆ గొంతు నాకు ఎక్కడినుంచి వచ్చిందో తెలుసు. మాది భూములున్న ఇల్లు. కళ్ళంలో కూలీలతో మా ఇంటి పెద్దవాళ్ళు ఆ గొంతుతోనే మాట్లాడేవారు. చదువుకున్నాను కాబట్టి నాకు రాలేదనుకున్నాను.

ఆమె వెళ్ళిపోయింది. చిన్నామె తల దించుకుని పళ్ళెంలోకి చూస్తూ ఉంది. ఆ అమ్మాయి మాట్లాడకుండా పది నిమిషాలుండడం నేను మొదటిసారి చూశాను. వంటింట్లోంచి మా ఆవిడ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఉద్యోగానికి రిటైరైనావు. నీ గొంతు ఎప్పుడు రిటైరైతాది?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లోపలికి పోయింది.

కాసేపటికి చిన్నామె పళ్ళెం మీంచి కన్ను తీయకుండానే, "సార్, పెద్దమ్మ ఒక్కరోజు గూడా పారెయ్యలే," అంది.

"ఏం పారెయ్యలేదు?"

"మీరు గడ్డి గడ్డి అంటాండారే, అవి. కిటికీలో మాత్రల సీసా ఉండాది చూడండి."

కిటికీలో, పాత క్యాలెండరు వెనక, మందుల షాపు సీసా ఒకటి ఉంది. దాంట్లో స్పిరిట్ పోసి, అలాంటి గడ్డి ముక్కలే వేసి పెట్టింది. ఒక్కొక్క డబ్బావి వేరుగా గుడ్డముక్కలో మూటకట్టి, మూటకు డబ్బా నంబరు రాసిన కాగితం కుట్టి ఉంది. ఆ కుట్టు చిన్నామెది.

"ఎందుకిట్లా దాచిపెట్టినారు?"

"దాచిపెట్టలే సార్. మిల్లులో అట్లనే చేస్తారంట. మంచిదో పుచ్చో తెలీంది ఏ కుప్పలోనూ వెయ్యరు. పక్కన పెడతారు, సాయంత్రం మేస్త్రి చూసి తేలుస్తాది. పెద్దమ్మ మీకు మూడుసార్లు చూపించింది. మీరు తేల్చలే. అందుకని ఆన్నే ఉండిపోయినాయి."

ఒక మూట విప్పి ఒక ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టాను. గడ్డి తునకలను ఇటుకల్లా ఒకదాని మీద ఒకటి అతికించి కట్టిన సన్నటి గొట్టం. గొట్టం మూతి దగ్గర గులాబీ రంగులో రెండు మీసాలు, మడిచిన కాళ్ళు. పటకారుతో మెల్లగా లాగితే లోపలున్నది బయటికి వచ్చింది. అది ఒక కొడవలి. మామూలు కొడవలి కన్నా సన్నం, పొడుగు. తన ఇల్లు తాను కట్టుకుని, ఆ ఇంటితో సహా గడ్డిలో తిరిగిన ప్రాణి. రెండో ముక్క తీశాను. మూడోది తీశాను. కొన్ని గొట్టాలు ఖాళీ, చాలావాటిలో మనుషులున్నారు. మనుషులు అని రాసేశాను, దిద్దను.

అన్ని డబ్బాల్లోనూ ఇవి ఉన్నాయి. ఏ కాగితంలోనూ ఇవి లేవు. బకెట్ ఇంకా పారబోయలేదు గనుక, టీ వడపోసే జల్లెడ తెచ్చుకుని బకెట్ ముందు గొంతుకూర్చుని ఆ నీళ్ళన్నీ వడపోశాను. నేను కుమ్మరించినవాటిలో తొమ్మిది దొరికాయి. మా ఆవిడ బిందె తీసుకుని అటుగా వచ్చి, కాసేపు చూసి, చుట్టూ తిరిగి పోయింది.

తర్వాత స్నేహితుడికి ఫోను చేశాను.

"ఏమప్పా, కాగితాలు యాడ?"

"పంపను. తప్పులుండాయి," అని సంగతి చెప్పాను. గొట్టాల ఫోటోలు పంపాను. వాడు అవి చూసుకుని మళ్ళీ ఫోనులోకి వచ్చాడు.

"ఇద్దరు పిల్లోళ్ళు ఈన్నే డాక్టరేటు చేస్తాండారు, వాళ్ళు గూడా గడ్డి అని పారేసినారప్పా. ఎవరు పట్టుకున్నారు దీన్ని?"

"ఇప్పుడే చూసినా. మైక్రోస్కోపు కింద పెట్టి లాగితే బయటికొచ్చింది."

"నీ కన్ను ఇంకా పోలేదప్పా," అన్నాడు వాడు. నేను నవ్వాను.

నేను చెప్పిన దాంట్లో ఒక్క మాటా అబద్ధం కాదు. మొత్తం కలిపితే అబద్ధం. ఫోను పెట్టేశాక చిన్నామె లేచి, ఆ మాత్రల సీసా చేతిలో పట్టుకుని, చాలా మర్యాదగా అడిగింది.

"సార్, దీన్ని మళ్ళా కిటికీలోనే పెట్టల్నా, మీ బల్ల మీద పెట్టుకుంటారా?"

అన్నం తినలేకపోయాను. ఒంటిగంటకు పెద్దామె ఇంటికి పోతానని లేచి, ఏమన్నా పండ్లు తీసుకుపోనా అని మా ఆవిడను అడిగాను.

"పండ్లతో ఏమన్నా అంటివా? నోటితో అంటివి. నోరు తీసుకోని పో," అంది.

మాట అన్నది చిన్నామె ముందు కాబట్టి ఆమెను కూడా రమ్మన్నాను. "తిట్టింది ఒకరిని, నడిచేది ఇద్దరమా సార్, ఈ ఎండలో," అంటూనే వచ్చింది. కాలువ దాటి, చర్చి పక్క సందులోంచి పోయాం. పెద్దామె ఇంటి ముందు వేపచెట్టు నీడలో గోనెపట్ట పరుచుకుని చింతపండు కొడుతోంది. రాయి మీద కాయ పెట్టి ఇనుపకడ్డీతో ఒక దెబ్బ వేసి గింజ చిమ్మేస్తోంది. నన్ను చూసి లేవబోయింది. కూర్చోమని నేనూ అరుగు మీద కూర్చున్నాను.

"మిల్లు మేస్త్రి వచ్చిపోయింది సార్," అంది ఆమె నేను నోరు తెరవకముందే. "రేపు పొద్దున్నుంచి రమ్మన్యాది. సరే అన్నా."

"ఆ దుమ్ములోకా?"

"గుడ్డ కట్టుకుంటా."

"పెద్దమ్మా, గుడ్డ కట్టుకోనే గదా పోయిన తూరి ఆసుపత్రిలో పడింది," అంది చిన్నామె.

"నువ్వు ఊరుకోమ్మే."

నేను చెప్పాల్సింది చెప్పాను. నువ్వు చెప్పిందే నిజం. లోపల ప్రాణులున్నాయి. నేను చూడకుండా కాదన్నాను, అనరాని మాట అన్నాను, నీ చేతిలోది లాక్కుని పారబోశాను. తప్పయిపోయింది. ఈ అమ్మాయి ముందు అన్నాను కాబట్టి ఈ అమ్మాయి ముందే చెబుతున్నాను.

ఆమె ఇంకో కాయ రాయి మీద పెట్టింది, కొట్టలేదు. "మాటకేముంది సార్. పుట్టినకాడినుంచి వింటానే ఉండా. ఇంకోటి అడుగుతా, చెప్తారా?"

"అడుగు."

"సీసాల్లో చీటీలు వేస్తారే. ఇంగ్లీషులో. నాకు ఇంగ్లీషు రాదు. కానీ ప్రతి చీటీ కింద ఒకే తీరు మూడు అక్షరాలు ఉంటాయి. మీ గేటు మీద బోర్డులో గూడా ఆ మూడే ఉండాయి. అవి మీ పేరే గదా?"

చీటీ కింది వరుసలో ఏరినవారు ఎవరో రాయాలి. రెండేళ్ళుగా ప్రతి చీటీ మీదా నా పేరు పొడి అక్షరాలు రాస్తున్నాను. మొదటిరోజు ఆలోచించకుండా రాశాను. ఆ తర్వాత ఆలోచించి కూడా రాశాను. రిపోర్టు వెనక, ఏరినవాళ్ళ పేర్లలో నా పేరు వస్తుంది. అది చూసుకోవాలని నాకుంది. చదువుకునే రోజుల్లో చేయలేని పని ఇప్పుడు చేసినట్టు ఉంటుందని.

"నా పేరే," అన్నాను.

"మిల్లులో ఎవరు ఏరిన గోతానికి వాళ్ళ గుడ్డపీలిక కడతారు సార్. నాది పచ్చది ఉండె. తప్పొస్తే ఎవరిదో తెలవాల. ఒప్పొచ్చినా తెలవాల గదా. ఇరవై ఏండ్లలో నా గోతం ఒక్కటి గూడా వాపసు రాలే. మీకాడ రెండేండ్లు చేస్తే నా గుర్తు యాడా లేదు."

కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. నాకు అప్పుడు ఫోనులో అన్న మాట గుర్తొచ్చింది. అది కూడా చెప్పేశాను. చిన్నామె వేపచెట్టు వైపు తిరిగి నిలబడింది, విననట్టు. అక్కడే స్నేహితుడికి మళ్ళీ ఫోను కలిపి, గొంతు అందరికీ వినబడేలా పెట్టాను. దీన్ని పట్టుకున్నది నేను కాదు, ఏరేది కూడా నేను కాదు, మొదటినుంచీ వీళ్ళిద్దరూ, చీటీల మీద నా పేరు రాసుకున్నాను అని చెప్పాను.  వాడు నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"ఆమెకియ్యప్పా ఫోను," అన్నాడు. "అమ్మా, ఎట్ల కనిపెట్టినావు దీన్ని?"

"తుమ్మచెట్టు మీద కట్టెలమోపు పురుగు ఉంటాది గదా సార్."

అవతల పెద్దగా నవ్వు. "మాది కోసిగమ్మా. చిన్నప్పుడు దాన్ని పుల్లల్లోంచి గుంజి గుంజి చూస్తాంటిమి. ఇన్నేండ్లు సముద్రంలో నిలబడినా నాకు తట్టలే చూడు."

"మీ పిల్లోళ్ళు గూడా పారేసినారంట గదా సార్."

"పారేసినారమ్మా."

"తెలీంది పారెయ్యగూడదని చెప్పండి. పక్కన పెట్టమని చెప్పండి."

"చెప్తానమ్మా," అన్నాడు వాడు, బుద్ధిగా. రిపోర్టుకు ఇంకో నెల గడువు అడుగుతానని, అన్ని డబ్బాలూ మళ్ళీ చూడాలని చెప్పి పెట్టేశాడు.

రేపు మా ఇంటికి వస్తావా అని అడిగాను. పెద్దామె ఇనుపకడ్డీ కింద పెట్టింది. "మేస్త్రికి వస్తానని మాటిచ్చినా సార్. నేను పోయి రానంటే నాకు మర్యాదగా ఉండదు. మీవల్ల మాట ఇచ్చినా, మీరే పోయి చెప్పండి. ఇంకోటి, ఆ చీటీలు."

మిల్లు గేటు దగ్గర మేస్త్రి నన్ను అయిదు నిమిషాలు నిలబెట్టి కడిగేసింది. సీజనులో చెయ్యి తిరిగిన మనిషిని ఎత్తుకుపోతాండావని, నీలాంటి సార్లవల్లనే పని చెడిపోతాందని, చదువుకున్నోళ్ళకు మాట నిలకడ లేదని. మిల్లు లోపలినుంచి వచ్చే దుమ్ముకు నాకే కళ్ళు మండాయి. అంతా విని, తప్పు నాదేనని చెప్పి, దండం పెట్టి వచ్చాను.

నాలుగింటికి ముగ్గురం వరండాలో కూర్చున్నాం. సీసాలన్నీ బల్ల మీద వరుసగా పెట్టాను. ఒక్కొక్క సీసా మూత తీసి, పటకారుతో పాత చీటీ బయటికి లాగి, కొత్త చీటీ పెన్సిల్‌తో రాశాను. ఎవరు ఏది ఏరారో నాకు తెలియదు. వాళ్ళకు తెలుసు. సీసాలో ఎట్లా సర్దారో చూసి ఇద్దరూ చెప్పేస్తున్నారు.

"ఇది నాది సార్. పెద్దమ్మదైతే నత్తల మూతులన్నీ ఒక దిక్కుకే ఉంటాయి."

కింది వరుసలో ఏరినవారి ఇంటిపేరు, పేరు పూర్తిగా రాశాను. తెలుగులో రాయమంది పెద్దామె. తను చదువుకునేలా ఉండాలంది. తన మొదటి చీటీ తీసుకుని వేలు పెట్టి చదివి, ఇంటిపేరులో ఒక దీర్ఘం తప్పిందని దిద్దించింది. నేను రాస్తుండగా ఆమె నా ఎత్తు స్టూలు మీద కూర్చుని మైక్రోస్కోపులోకి చూసింది. రెండేళ్ళలో నేను ఆమెను ఒక్కసారి కూడా దాని దగ్గర కూర్చోనివ్వలేదు. ఏ చక్రం తిప్పాలో చూపించాను. దాన్ని అటూ ఇటూ తిప్పుతూ చాలాసేపు చూసింది.

"ఈమె సంచిలో గూడా పిల్లలుండారు," అంది తర్వాత, కన్ను తీయకుండానే. "ఇంట్లో ఇల్లు. రాసుకోండి సార్."

రాసుకున్నాను. వెలుతురు తగ్గేలోపు ముప్పై ఒక్క చీటీలు మార్చాం. అలమారలో ఇంకా రెండు అరలు ఉన్నాయి. రేపు తొమ్మిదింటికి మళ్ళీ మొదలుపెడతాం.